కాదనగలిగే శక్తి: తెలుగు పల్లె కుటుంబం బతుకుదెరువు



ఆచార్య ఎన్.జి. రంగా గారి స్మృతిలో ప్రసంగించే అవకాశం కల్పించిన నిర్వాహకులకు నా కృతజ్ఞతలు. రంగా గారు 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చాక ఆయన ముందుగా తలపెట్టిన పనుల్లో ఒకటి, పల్లెల్లో తిరిగి జనం ఎలా బతుకుతున్నారో అడిగి రాసుకోవడం. 1920ల్లో డెల్టా గ్రామాల ఆర్థిక నిర్మాణం మీద, 1930లో చేనేత మీద ఆయన వెలువరించిన పుస్తకాలు ఆ కృషి ఫలితాలే. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యం వైపు మొగ్గినప్పుడు ఆయన పార్టీని వీడి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిలబెట్టారు. ఆ రాజకీయంతో ఏకీభవించని వారు ఈ సభలోనూ ఉంటారు. అయినా దాని వెనక ఉన్న ఒక చూపును మనమందరం గౌరవించవలసి ఉంది. పల్లె ఆర్థిక జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే కుటుంబం దగ్గర మొదలుపెట్టాలన్నది ఆ చూపు. ఈరోజు నేను ఆ దారినే నడిచి, ఆయన కాలం తర్వాత వచ్చిన ప్రశ్నల దాకా వెళ్లాలనుకుంటున్నాను.

నా ప్రతిపాదన ఇది. తెలుగు పల్లెలో కుటుంబం ఏనాడూ ఒక్క పని మీద బతకలేదు. సేద్యం, కూలి, పాడి, కులవృత్తి, వలస కలిస్తేనే దానికి ఏడాది గడిచేది. ఈ కూర్పు పాతదే గనుక, ఇంటికి ఎన్ని ఆదాయాలున్నాయో లెక్కపెట్టినంత మాత్రాన ఆ ఇల్లు బాగుపడిందో చితికిపోయిందో తేలదు. తేల్చేది మరొకటుంది: తనకు నచ్చని పనిని, గిట్టని కూలిని, అవమానపు షరతును ఆ కుటుంబం కాదనగలదా? మన చరిత్ర ఈ శక్తిని కొందరికి ఇచ్చింది, ఎందరికో ఇవ్వలేదు. అభివృద్ధిని కొలవవలసింది ఈ కొలతతోనే అని నా విన్నపం.

పాత కూర్పు

వలస పాలనకు ముందునుంచీ తీరాంధ్రలో నేత పెద్ద జీవనాధారం. మచిలీపట్నం అద్దకం గుడ్డలు సముద్రాలు దాటి వెళ్లాయి. మగ్గం మీద కూర్చున్న ఇంటిలో నూలు తోడేవారు, గంజి పెట్టేవారు, పడుగు సాగదీసేవారు అంతా ఇంటివాళ్లే. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి కుటుంబాలకు కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ‘మేర’ అనే వాటా దక్కేది. గొల్లలకు మంద, గౌడులకు తాటిచెట్టు, బెస్తలకు చెరువు ఆధారం. వీటికి తోడు చాలా ఇళ్లకు కొద్దోగొప్పో సేద్యమో, కోతల నాటి కూలో ఉండేది.

ఆ వ్యవస్థను స్వయంసమృద్ధ గ్రామమని కీర్తించడం మనకు అలవాటు. కానీ మేర పుచ్చుకునే ఇంటికి ఆ పని మానుకునే వీలు లేదు. ఊరి అవసరం ఎప్పుడు పడితే అప్పుడు ఆ ఇంటి మనిషి లేచి వెళ్లాలి. మాల, మాదిగ కుటుంబాలు తరతరాలుగా పాలేరుతనంలో ఉన్నాయి. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో వెట్టి చాకిరి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా సాగింది. 1946 నుంచి 1951 వరకు జరిగిన సాయుధ పోరాటానికి భూమి ఎంత కారణమో, వెట్టిని కాదనలేని స్థితి కూడా అంతే కారణం. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం ఆ పోరాటపు వేడిలో వచ్చిందే.

ఈ కూర్పు ఎంత బలహీనమైనదో 1832-33లో గుంటూరు సీమ చూసింది. జనం నందన కరువని, డొక్కల కరువని చెప్పుకున్న ఆ విపత్తులో పల్లెలకు పల్లెలే ఖాళీ అయ్యాయి. ఇలాంటి కరువులో గింజలు పండించేవాడికంటే గింజలు కొనుక్కునేవాడు ముందు పడిపోతాడు. పంట పోగానే ధాన్యం ధర ఆకాశానికి పోతుంది, గుడ్డ కొనేవాడు ఉండడు, కోత ఉండదు గనుక కూలి ఉండదు. మూడు ఆదాయాలున్న ఇల్లయినా, ఆ మూడూ ఒకే వాన మీద ఆధారపడి ఉంటే ఒక్క దెబ్బకే కూలిపోతుంది.

కాలువలు, ఓడలు

ఆ కరువు జ్ఞాపకం పచ్చిగా ఉండగానే గోదావరి మీద బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ పని మొదలైంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో పూర్తయింది. కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855కు సిద్ధమైంది. నీరు పారిన చోట వరి నిలకడగా పండింది, భూమి విలువ పెరిగింది, తిండికి పోను మిగులు కనిపించింది. ఆ మిగులు ఎటు వెళ్లిందన్నది మన ఆర్థిక చరిత్రలో కీలకమైన ఘట్టం. అది రైసుమిల్లుల్లోకి, పొగాకు, మిర్చి వ్యాపారంలోకి, పిల్లల చదువుల్లోకి పారింది. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించగలిగారంటే దాని వెనక డెల్టా పల్లెల పొదుపు ఉంది. తర్వాతి తరాల్లో అదే మిగులు సినిమా నిర్మాణానికి, హైదరాబాద్ పరిశ్రమలకు, అమెరికా చదువులకు చేరింది. డెల్టాలో ఆసామి కుటుంబం సేద్యంతోపాటు నాలుగు పనులు చేసింది. ఒకటి పోయినా మరొకటి ఉందన్న ధీమాతో, తనకు లాభమనుకున్నదాన్ని ఎంచుకుని చేసింది.

అదే కాలంలో అదే తీరం నుంచి మరో ప్రయాణం జరిగింది. గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వేలాదిమంది కూలీలు ఓడలెక్కి ‘రంగం’ (రంగూన్) వెళ్లారు. అక్కడ రేవులో మూటలు మోశారు, రైసుమిల్లుల్లో పనిచేశారు, బర్మా వరిచేలు కోశారు. వాళ్లను తీసుకెళ్లింది మేస్త్రీ. ముందుగా అడ్వాన్సు ఇచ్చి, ఓడ చార్జీ కట్టి, ఆ బాకీ తీరేదాకా కూలిని తన గుప్పిట్లో ఉంచుకునేవాడు. 1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వారి స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె ముగిసి వీళ్లను తిరిగి పనిలోకి తీసుకోగానే రెండు వర్గాల పేదల మధ్య నెత్తురు పారింది. 1942లో జపాను సేన వచ్చినప్పుడు ఎందరో కొండలు, అడవులు దాటుకుంటూ నడిచి ఇల్లు చేరారు, దారిలోనే రాలిపోయినవారూ ఎందరో.

డెల్టా ఆసామి, రంగం కూలీ ఇద్దరూ ఊరి సేద్యానికి బయటి సంపాదన జోడించినవారే. కానీ మొదటివాడు మిగులుతో బయటికి వెళ్లాడు, రెండోవాడు అప్పుతో వెళ్లాడు. ఆ తేడా ఇప్పటికీ తీరలేదు.

మెట్ట సీమలు

స్వాతంత్ర్యం తర్వాత భారీ ప్రాజెక్టులు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు కనిపించేవారు. పదిమంది పొలాలకు నీళ్లిచ్చే మట్టిపని చేసినవారి సొంత ఊళ్లలో మాత్రం చెరువులు ఎండిపోయి ఉన్నాయి. వీరిని తీసుకెళ్లిన గుంపు మేస్త్రీ పద్ధతికీ, రంగం మేస్త్రీ పద్ధతికీ పోలిక స్పష్టం. పెళ్లికో, జబ్బుకో, పంట పోయినప్పుడు తిండికో ఇచ్చిన అడ్వాన్సు, కుటుంబం శ్రమను నెలల తరబడి తాకట్టు పెట్టించేది.

మెట్ట పల్లెల బతుకులో వచ్చిన మార్పును ఇంటింటికీ తిరిగి దీర్ఘకాలం నమోదు చేసినది మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్. 1975లో మెట్ట ప్రాంతాల్లో ఎంచుకున్న ఆరు ఊళ్లలో రెండు నాటి మహబూబ్‌నగర్ జిల్లావి. వాటిలో ఒకటైన డోకూర్‌లో మొదట పంట, పాడి, వ్యవసాయ కూలి ప్రధానంగా ఉండేవి. పాతికేళ్లలో వరస కరువులకు చెరువు కింద సేద్యం దెబ్బతిని, వలస కూలి, వ్యవసాయేతర పనులు ముందుకొచ్చాయి.

దేశవ్యాప్త లెక్కలూ అదే దిశలో ఉన్నాయి. జాతీయ నమూనా సర్వే ప్రకారం 2002-03లో వ్యవసాయ కుటుంబం సగటు నెల ఆదాయం 2,115 రూపాయలు. అందులో పంట మీద వచ్చింది 969, కూలి, జీతాల మీద వచ్చింది 819. 2018-19కి సగటు 10,218 రూపాయలైంది. పంట వాటా 3,798 కాగా, కూలి, జీతాల వాటా 4,063. రెండు సర్వేల నిర్వచనాల్లో కొంత తేడా ఉన్నా, దిశ విషయంలో సందేహం లేదు. మనం రైతు కుటుంబమని పిలిచే సగటు ఇంటికి ఇప్పుడు పంటకంటే కూలి, జీతాలే ఎక్కువ తెస్తున్నాయి.

రైతు కూలీ కావడం దానంతటదే అనర్థమేమీ కాదు. మంచి జీతం దొరికి సేద్యం వదులుకుంటే అది ఎదుగుదలే. మన రాష్ట్రాల్లో ఆ మార్పు అప్పు నీడలో జరగడమే ఆందోళన కలిగించే విషయం. 2018-19లో దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతానికి అప్పులుండగా, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతానికి, తెలంగాణలో 91.7 శాతానికి ఉన్నాయి. కాలువ లేని చోట రైతు బోరు వేశాడు, నీళ్లు పడకపోతే మరోటి వేశాడు. విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణదారుడే అప్పిచ్చి, పంట కూడా తానే కొన్నాడు. ఒకే మనిషి దగ్గర మూడు విధాలా చిక్కుకున్న రైతుకు ధర అడిగే నోరు ఉండదు. 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలకు పచ్చపురుగును, నకిలీ మందులను కారణంగా చెప్పుకున్నాం. ఆ రెంటితోపాటు ఈ ముప్పేట బంధనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక ఇంటి ఏడాది

ఈ మాటలు గాలిలో తేలకుండా ఒక ఇంటి ఏడాదిని దగ్గరగా చూద్దాం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని వైపు, రెండెకరాల వానాధారపు పొలం ఉన్న కుటుంబం ఎలా బతుకుతుందో ఆ ప్రాంతం తెలిసినవారికి కొత్త కాదు. మృగశిరలో చినుకు పడితే పత్తి పెడతారు. విత్తనాలకు, ఎరువులకు చేబదులు తెస్తారు. దీపావళి దాటాక పత్తి తీస్తారు. అమ్మగా వచ్చినది పెట్టుబడి బాకీకి సరిపోతే అదృష్టమే. ఆ తర్వాత ఇంటికి తాళం పడుతుంది. సామాన్లు, బియ్యం, చంటిపిల్లలతో సహా సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు వైపు వెళ్లిపోతారు.

అక్కడ మిరప కోతలు. చేను పక్కన పట్టా కప్పిన గుడిసె, మూడు రాళ్ల పొయ్యి. పొద్దు పొడవకముందే సాలు పట్టి, వంగిన నడుము ఎత్తకుండా పండుకాయ తెంపుతారు. మధ్యాహ్నానికి చేతులు మంటెత్తిపోతాయి, ఆ చేత్తోనే బిడ్డ కళ్లు తుడవకూడదని తల్లి జాగ్రత్తపడుతుంది. కూలి కోసినదాన్ని బట్టి గనుక చిన్నవాళ్ల చేతులు కూడా సాలులోకి దిగుతాయి. ఆ నెలల్లో ఊరి బడిలో వాళ్ల పేర్లు హాజరు పట్టీలో మాత్రమే ఉంటాయి. పెద్ద కొడుకు బెంగళూరులో బేల్దారి పనిలో ఉంటాడు. ముసలమ్మ ఊళ్లోనే ఉండి నాలుగు మేకలను చూసుకుంటూ, పింఛను తెచ్చుకుంటుంది. ఉగాదికి అందరూ తిరిగొచ్చి, ఎండాకాలం ఉపాధి హామీ పనికి వెళ్తారు.

లెక్కపెడితే ఈ ఇంటికి ఆరు ఆదాయాలున్నాయి. అర్థశాస్త్రంలో వైవిధ్యం అనే మాటకు ఇంతకంటే నిండైన ఉదాహరణ దొరకదు. కానీ ఈ ఆరింటిలో ఏ ఒక్కటీ మిగతావాటిని మానిపించేటంత ఇవ్వదు. సుగ్గికి వెళ్లక తప్పదు, పిల్ల బడి మానక తప్పదు. ఏది కాదన్నా పొయ్యి ఆగుతుంది.

ఇదే స్థితి వేరే రూపాల్లో వేరే జిల్లాల్లో ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవారిలో ఎందరో ఏజెంటుకు కట్టిన డబ్బు వడ్డీ తీర్చడానికే మొదటి ఏళ్లు ధారపోశారు. యజమాని దగ్గర నిలవలేక బయటపడ్డవారు కల్లివెల్లిగా, చట్టం నీడ లేకుండా బతికారు. కడప, గోదావరి జిల్లాల ఆడపడుచులు కువైట్ ఇళ్లలో వంటచేసి ఇక్కడ పిల్లల్ని చదివించారు. సొంత తీరంలో ఏడాదంతా బతుకు గడవక శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి పరాయి పడవలెక్కారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వారికి చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది విడుదలై రావడానికి 2020 జనవరి దాకా ఆగవలసి వచ్చింది.

ఇంటి లోపలి లెక్క

కుటుంబాన్ని యూనిట్‌గా తీసుకోవాలన్న రంగా గారి చూపును మనం ఇంకొంచెం లోతుకు తీసుకెళ్లాలి. కుటుంబం లోపల కూడా కాదనగలిగేవారు, కాదనలేనివారు ఉన్నారు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు వెచ్చించేది 97 నిమిషాలని తేలింది. ఇందాక చెప్పిన సర్వే అంకెల్లో ఇంకొకటి గమనించండి. 2002-03లో పాడి, పశుపోషణ నుంచి నెలకు 91 రూపాయలు వచ్చేవి. 2018-19కి అది 1,582 అయింది. గడ్డి కోసుకొచ్చి, కుడితి పెట్టి, పేడ ఎత్తి, తెల్లవారుజామున పాలకేంద్రానికి క్యాన్ మోసే చేతులు ఎవరివో మనకు తెలుసు. పల్లె ఆదాయంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాగం ఎక్కువగా స్త్రీల శ్రమ. అయినా రైతు అనగానే మన మనసులో మెదిలేది తలపాగా చుట్టిన మగవాడే.

ఇంటి లోపలి కాదనే శక్తికి తెలుగు నేల గొప్ప చరిత్రే ఇచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తాగుడుకు పోయే కూలిడబ్బు ఇంట్లో నిలిచింది, ఆ ఊపులో పొదుపు సంఘాలు పెరిగాయి. 2000లో మొదలైన వెలుగు కార్యక్రమం వాటిని సమాఖ్యలుగా మార్చింది. దేశం తన గ్రామీణ జీవనోపాధి మిషన్‌కు ఆ అనుభవం నుంచి పాఠాలు తీసుకుంది. సంఘం అప్పు దొరికిన ఇల్లాలు నూటికి అయిదు, పది రూపాయల వడ్డీవ్యాపారిని కాదనగలిగింది. అయితే సులభంగా దొరికే అప్పు ప్రతిదీ విముక్తి అనుకోవడం పొరపాటని 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం నేర్పింది. వారం వారం వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆదాయం పెరగకుండా అప్పు పెరిగితే కాదనే శక్తి ఇంకా తరుగుతుంది.

రాజ్యం చేయవలసింది

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. అది ఏడాదికి ఇంటికి 100 రోజుల పని, ఆడామగా తేడా లేని కూలి ఇస్తామంది. దీన్ని గుంతలు తీసి గుంతలు పూడ్చే పనిగా ఎగతాళి చేసినవారున్నారు. అసలు ప్రభావం గుంత దగ్గర కనిపించదు, ఊరి రచ్చబండ దగ్గర కనిపిస్తుంది. సర్కారు పని ఉన్న రోజుల్లో ఆసామి చెప్పిన కూలికి తలూపవలసిన అవసరం తగ్గింది. కొందరు తప్పనిసరి వలస మానుకున్నారు. పథకం సాగిన చోట ప్రైవేటు కూలి పెరిగిందని, స్వల్పకాల వలస తగ్గిందని ఆర్థికవేత్తల పరిశోధనలు నిర్ధారించాయి. కూలిరేట్లు పెరిగాయని చిన్న రైతు బాధపడ్డ మాట నిజమే. ఆ భారానికి విరుగుడు గిట్టుబాటు ధరలో వెతకాలి తప్ప, కూలీని మళ్లీ నోరులేనివాణ్ణి చేయడంలో వెతకకూడదు.

ఈ అనుభవం నుంచి కొన్ని సూచనలు చేస్తాను. మొదటిది, సాయం సేద్యం చేసేవారికి అందాలి. 2018లో తెలంగాణ ప్రారంభించిన రైతుబంధు పట్టాదారుకు చేరింది, కౌలుదారు బయటే ఉండిపోయాడు. ఆంధ్రప్రదేశ్ 2011లో ఒకటి, 2019లో ఒకటి కౌలుదారు చట్టాలు చేసింది. కానీ 2019 చట్టం కింద కార్డుకు భూయజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది. ఆ భయం తీర్చే భరోసా చట్టమే ఇవ్వాలి. రెండోది, పనికి హామీ ఉండాలి, కూలి ఆలస్యం కాకూడదు. పది వారాలకు వచ్చే కూలి మనిషిని మళ్లీ మేస్త్రీ అడ్వాన్సు వైపే తోస్తుంది. మూడోది, హక్కులు మనిషి వెంట నడవాలి. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసుకున్న దేశం, 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే వాళ్లెక్కడున్నారో తెలియక నిలబడిపోయింది. తెలంగాణ మిరపచేలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవిదారుల్లో నడిచిపోయారు. బడి, ఆసుపత్రి ఊరితో ముడిపడి ఉన్నంతకాలం వలస కుటుంబం రెండు చోట్లా పరాయిదే. సుగ్గి నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా వసతి కల్పించడం దీనిలో మొదటి మెట్టు. నాలుగోది, భూమి పత్రం మీద ఆడబిడ్డ పేరు. 1985 నుంచే కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వర్తింపజేసిన ఉమ్మడి రాష్ట్రం మనది. చట్టంలో ఉన్న ఆ హక్కు పాసుపుస్తకంలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

ఇవన్నీ ఖర్చుతో కూడినవని అంటారు. ధవళేశ్వరం నాడూ ఖర్చు అన్నారు. ఆ నీటి వల్ల కొన్ని లక్షల కుటుంబాలకు ఎంచుకునే శక్తి వచ్చింది, ఆ శక్తి నుంచి బ్యాంకులు, మిల్లులు, కళాశాలలు పుట్టాయి. డెల్టా మనిషికి పుట్టుకతో వచ్చిన తెలివి పాలమూరు మనిషికి లేక ఈ తేడా రాలేదు. ఒకరికి ప్రజాధనంతో భద్రత ముందుగా దక్కింది, మరొకరికి దక్కలేదు. ఇప్పుడు ఆ భద్రత కాలువ రూపంలోనే రానక్కర్లేదు. పని హామీగా, కౌలుపత్రంగా, చదువుగా, స్త్రీ పేర రాసిన ఎకరంగా కూడా రావచ్చు.

విద్యార్థులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. రేపు మీలో కొందరు అధికారులవుతారు, కొందరు పరిశోధకులవుతారు. పల్లెకు సర్వేకు వెళ్లినప్పుడు ఎంత సంపాదిస్తున్నారన్న ప్రశ్నకు మరొకటి జోడించండి: గడిచిన ఏడాదిలో ఏ పనిని వద్దనగలిగారు, ఏది వద్దనుకున్నా చేయవలసి వచ్చింది? ఆ జవాబులు గణాంకాల్లోకి ఎక్కాలి, బడ్జెట్లను నిర్ణయించాలి. ఏ ఏడు కోసిగి తల్లి సుగ్గికి వెళ్లాలో వద్దో తానే నిర్ణయించుకోగలుగుతుందో, ఆ ఏడు మన గ్రామీణాభివృద్ధి ఫలించిందని చెప్పుకునే అర్హత మనకు వస్తుంది. అంతవరకు పెరిగే ఏ సగటు ఆదాయాన్నీ విజయంగా ఒప్పుకోవద్దని ఈ సభను కోరుతున్నాను.